మండీ లెక్కలకు గూగుల్ షీట్సా, కంప్యూటర్‌లోని ఎక్సెలా?

నమస్కారం. చిత్తూరులో మా మామిడి మండీ లెక్కలన్నీ ఎక్సెల్ 2019లో ఉన్నాయి. తోతాపురి కాయ దిగే రోజుల్లో రైతు పేరు, తూకం, ధర, కమీషన్, కూలి నమోదు చేయగానే పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) అచ్చయ్యేలా మా గుమాస్తా గారు రాసిన మాక్రోలే (పనిని వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములే) ఆ ఫైలుకు ప్రాణం. ఆ వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కనుక మారక తప్పదు.

గూగుల్ షీట్స్‌లో తోట దగ్గరి మనిషి, మండీలోని మనిషి ఒకే లెక్కను ఒకేసారి చూడగలరు, అది నిజంగా గొప్ప వసతి. అయితే అక్కడ ఎక్సెల్ భాష అయిన వీబీఏలో రాసిన మాక్రోలు నడవవు, గూగుల్ వారి యాప్స్ స్క్రిప్ట్‌లో మళ్లీ రాయాలి. పైగా నెట్ పోయిందని రైతును ఎండలో నిలబెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. క్రోమ్‌లోని ఆఫ్‌లైన్ సదుపాయం సీజను రద్దీకి తట్టుకుంటుందా? లేక ఎక్సెల్ లాంటి పనులకు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో పాత మాక్రోలను స్వల్ప మార్పులతో నడపవచ్చా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.