సమస్య: ఇద్దరే యున్న సంఘంబె యేడు చీలె

నిర్వాహకుడు: కుర్రతనంలో గోడలమీద విప్లవాలు రాసినవాళ్లు ఇక్కడ తక్కువేమీ లేరని తెలిసే ఈ పాదం ఇస్తున్నాను, చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. పాత కేసులు ఎవరూ తిరగదోడరు, కానివ్వండి.

పాతకాపు:
మారు పేరులు పెట్టుక మసలు నాడు
నాకు మూడును వానికి నాల్గు గాఁగ
పేరు పేరునఁ బంథాలు వేరటంచు
నిద్దరే యున్న సంఘంబె యేడు చీలె

రహస్య జీవితం మరి! రెండో పేరుతో వేసిన కరపత్రాన్ని మూడో పేరుతో ఖండించాను. రెండు స్టెన్సిళ్లలోనూ ‘క్ష’ ఒకే వంకర తిరిగి ఉండటంతో దొరికిపోయాను.

ద్రుతవిలంబి: మూడూ నాలుగూ ఏడు. మీ పద్యంలో లెక్క కుదరడం ఇదే మొదలు, అభినందనలు. మీ ‘నిద్దరే’లో నాకు నిద్ర కనిపించింది, ఓ దారి దొరికింది.

తెల్లవారెడు దాకను తెగని చర్చ
ఆవలింతకుఁ జేయెత్త నదియె యోటు
తీరుమానము లేడయ్యెఁ దెలియకుండ
నిద్దరే యున్న సంఘంబె యేడు చీలె

గణగ్రాహి: ఆవలింత ఓటుకు వీరతాడు వెయ్యాల్సిందే. కానీ నిద్దర అని చదివితే యతి పోయె, ఇద్దరు అని చదివితే చమత్కారం పోయె. సంధిని విడదీయకుండా చెల్లించే అఖండయతి అని తప్పించుకోకండి.

ద్రుతవిలంబి: ఎవరు చెబుతున్నారో! మునుపో ఆటవెలది రెండో పాదంలో ‘జిందాబాదు’ పట్టక ‘జిందబాదు’ అని దీర్ఘం మింగింది తమరేగా?

గణగ్రాహి: ఐదు సూర్యగణాల్లో వరసగా మూడు గురువులు, అంటే బరువైన అక్షరాలు, ఎక్కడ కూర్చుంటాయండీ? నినాదం కుదించాను, గణం చెడలేదు.

పాతకాపు: మూల సిద్ధాంతాన్ని అలా సవరిస్తే అప్పట్లో రివిజనిజం అనేవాళ్లం.

చందాదారు:
వేగువారలె యైదుగుర్ వేషధరులు
మమ్ముఁ బోషించి చందాలు మానకిడుచు
వారి బదిలీలు గాఁగనే వరుసఁ దరిగి
యిద్దరే యున్న సంఘంబె యేడు చీలె

ఐదు బదిలీలు, రెండు అలకలు. నెల మొదటి తారీఖునే చందా ఇచ్చేవాళ్లు, ఎందుకో అప్పుడు తట్టలేదు.

గణగ్రాహి: ‘యైదుగుర్’ అని పొల్లు పెట్టి గురువును కొన్నారు. అయినా ఈవారం పద్యం ఇదే. ద్రుతవిలంబి గారు మన్నించాలి.

ద్రుతవిలంబి: మన్నించను. పోలీసు చందాతో గెలిచిన పూరణ అది.

పాతకాపు: ఏడు అతిశయోక్తి అనుకునేవారికో మాట. ట్రాట్‌స్కీ అనుచరుల నాలుగో ఇంటర్నేషనల్ 1938లో పుట్టి 1953లో చీలింది. మన దగ్గర కమ్యూనిస్టు పార్టీ 1964లో చీలితే, ఆ చీలిన ముక్కలోంచి 1969లో ఇంకో ముక్క ఊడింది. మా ఇద్దరి దగ్గరా కరపత్రాలు తీసే సైక్లోస్టయిల్ మెషీను ఒక్కటే ఉండేది కాబట్టి ఏడుతో ఆగాం.

ద్రుతవిలంబి: అసలు ‘ఏడు చీలె’ ఏమిటి? ‘ఏడుగా చీలె’ అనొద్దూ?

నిర్వాహకుడు: ‘గా’ పెట్టడానికి పాదంలో చోటేదీ?

ద్రుతవిలంబి: అయితే మాది ‘ఏడుగా’ వర్గం. పక్కన వేరే సమస్య ఇస్తున్నాం, వచ్చేవాళ్లు రండి.

చందాదారు: చందా ఎంతండీ?