వీసా లేని దేశంలో ఎమర్జెన్సీగా పోర్టులోకి వెళ్లాల్సి వస్తే?

తెరచాప_కొత్త:
అందరికీ నమస్తే. మాది 36 అడుగుల సెయిలింగ్ యాట్, ఉండేది ఇద్దరమే. వచ్చే సీజన్‌లో పెద్ద ప్యాసేజ్ ఒకటి అనుకుంటున్నాం. దారిలో ఒక దేశం పక్కనుంచే వెళ్తాం, ఆగే ఉద్దేశం లేదు కాబట్టి వీసా తీసుకోలేదు. చుక్కాని విరిగినా, ఒకరికి ఒంట్లో బాగోకపోయినా అక్కడి పోర్టులోకి వెళ్లిపోవచ్చా? బోటు పట్టేస్తారని ఒకాయన, ఎమర్జెన్సీ అంటే కాగితాలే అడగరని ఇంకొకాయన. ఇదే టెన్షన్.

ఉప్పుగాలి:
ఆపదలో ఉన్న ఓడకి రేవులో చోటివ్వడం చాలా పాత ఆచారం అండీ. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందం 18వ అధికరణం కూడా ప్రాదేశిక జలాల్లో (ఒడ్డు పక్కన ఆ దేశానికే చెందిన సముద్రంలో) ఆగకుండా సాగిపోవాలంటూనే, ఆపద వస్తే ఆగొచ్చు, లంగరు వేయొచ్చు అంటుంది. అయితే హక్కు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. 1912లో రెబెకా అనే చిన్న తెరచాప ఓడ తుపానులో చిక్కి మెక్సికోలోని టాంపికో చేరితే, స్మగ్లింగ్ అని కెప్టెన్‌ని అరెస్టు చేసి సరుకు జప్తు చేశారు. అది తప్పని అమెరికా-మెక్సికో క్లెయిమ్స్ కమిషన్ తేల్చింది, ఎప్పుడనుకున్నారు, 1929లో! అందుకే గొడవ రాకుండా చూసుకోవడమే మేలు. ముందు అనుమతి లేదన్న తప్పు మాత్రమే మాఫీ అవుతుంది, కస్టమ్స్, ఇమిగ్రేషన్, హెల్త్ క్లియరెన్స్ మాత్రం తర్వాతైనా చేయించుకోవాల్సిందే.

లంగరు_మామ:
పైన చెప్పింది కరెక్ట్. నేను పని సంగతి చెప్తా. ఒడ్డు కనబడేదాకా ఆగొద్దు. బోటుకో ప్రాణానికో వెంటనే ముప్పు ఉంటే మేడే (ప్రాణాపాయం పిలుపు), అంత కాకపోతే మూడుసార్లు పాన్-పాన్ (అత్యవసరం పిలుపు), బోటు రేడియో వీహెచ్ఎఫ్‌లో 16వ ఛానెల్ మీద. పొజిషన్, మనుషులెందరు, ఏం విరిగింది, ఎటు వస్తున్నారు, అన్నీ చెప్పి, అటువైపు మాట్లాడింది ఎవరో, టైమెంతో రాసుకోండి. లాగ్‌బుక్కే, అంటే ప్రయాణంలో జరిగినవి రాసుకునే పుస్తకమే, మీ సాక్షి. తెరచాప స్తంభాన్ని ముందు నుంచి పట్టి ఉంచే తీగ, అదే ఫోర్‌స్టే, తెగుతుంటే "ఫోర్‌స్టే బాగోలేదు" అని రాస్తే ఎవరూ నమ్మరు, "03:40, గాలి 30 నాట్లు, ఫోర్‌స్టే కింది చివర పందొమ్మిది పోగుల్లో నాలుగు తెగాయి, జిబ్ దించి స్పిన్నకర్ హాల్యార్డ్‌ని ముక్కు దగ్గర బిగించాం" అని రాస్తే అది వేరు (జిబ్ అంటే ముందు తెరచాప, హాల్యార్డ్ అంటే తెరచాపని పైకి లాగే తాడు). ఫోటోలు తీయండి. క్లియరెన్స్ కావాలని తెలిపే పసుపు క్యూ జెండా ఎగరేసి, లంగరు వేశాక ఎవరూ దిగకండి, డింగీ (ఒడ్డుకి వెళ్లే చిన్న పడవ) కూడా దించకండి. అనుమతి ఇచ్చాకే స్కిప్పర్ (బోటు కెప్టెన్) ఒక్కరే వెళ్లాలి. రోగి ఉంటే రేడియోలోనే చెప్పేయండి, ఆ లెక్క వేరే.

ఇంకోటి, చివరి పోర్టు క్లియరెన్స్ కాగితం జాగ్రత్త. మీ అసలు గమ్యం వేరే ఊరని దాని మీదే ఉంటుంది.

తెరచాప_కొత్త:
థాంక్స్ మామా. నీళ్లు తగ్గినా, బాగా అలసిపోయినా ఎమర్జెన్సీ కిందే వస్తుందా? ఎన్నాళ్లు ఉండనిస్తారు?

ఉప్పుగాలి:
నీళ్లు నిజంగా ప్రమాదకరంగా తగ్గితే వస్తుంది, ఉప్పునీటిని మంచినీళ్లు చేసే వాటర్‌మేకర్ పాడైంది కాబట్టి ఓ రెండు రోజులు ఊరు చూసొద్దాం అంటే రాదు. ఇద్దరే ఉన్న బోటులో అలసట నాకైతే నిజమైన ప్రమాదమే, కానీ అక్కడి ఆఫీసర్‌కి అలా అనిపించకపోవచ్చు, అందుకే దాన్ని ఒంటరి కారణంగా పెట్టొద్దు. రిపేరుకి ఎంత పడితే అంత, అదీ వాళ్లు ఒప్పుకున్నంత వరకే. పార్ట్ బయటి నుంచి రావాలంటే ఆర్డర్ రసీదు చూపించి, గడువు దాటకముందే పొడిగింపు అడగండి.

లంగరు_మామ:
ఆస్ట్రేలియాకి కనీసం 12 గంటలు, న్యూజిలాండ్‌కి 48 గంటలు ముందు నోటీసు కావాలి, అలాంటి చోట్ల పక్కనుంచి వెళ్తున్నా ఆ ఫారం నింపి ఉంచుకోండి, పరిస్థితి చెడగానే శాటిలైట్ ఈమెయిల్‌లో పంపేయొచ్చు. బోటులో తుపాకీ గానీ కుక్క గానీ ఉంటే వాళ్లు అడగకముందే చెప్పండి. "పర్లేదు, రిపేరైతే వెళ్లిపోండి" అని చేయి ఊపేసినా సరే, అవుట్‌వర్డ్ క్లియరెన్స్ (పోర్టు వదిలి వెళ్లే అనుమతి) కాగితం తీసుకోకుండా కదలకండి, తర్వాతి పోర్టులో మొదట అడిగేది అదే.