బంతిని తనే లేపి తలతో కీపర్‌కి ఇస్తే తప్పెందుకు?

ఎడమకాలు: నిన్నటి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో చివరి నిమిషాలు, స్కోరు 1-0. దరిదాపుల్లో ప్రత్యర్థి ఒక్కడూ లేడు. గెలుస్తున్న జట్టు డిఫెండర్ కాలి దగ్గరున్న బంతిని బొటనవేలితో మోకాలెత్తు లేపి, వంగి తలతో కీపర్ వైపు కొట్టాడు. కీపర్ దాన్ని చేత్తో కాదు, కాలితోనే ఆపాడు. అయినా రిఫరీ డిఫెండర్‌కి ఎల్లో కార్డు చూపించి, అవతలి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టకూడని కిక్) ఇచ్చాడు. కీపర్ చేత్తో పట్టుకోనప్పుడు తప్పేముంది?

పాతవిజిల్: రిఫరీ చేసింది సరైనదే. సహచరుడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో ముట్టుకోకూడదన్న నిబంధన 1992లో వచ్చింది. తలతోనో ఛాతీతోనో మామూలుగా ఇస్తే పట్టుకోవచ్చు. ఆ వెసులుబాటు కోసం ఎత్తుగడ వేస్తే, వేసిన క్షణంలోనే తప్పు జరిగిపోయినట్టు. తర్వాత కీపర్ చెయ్యి పెట్టాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఎత్తుగడ కీపర్‌దే అయితే కార్డు అతనికే. 2019లో గోల్‌కిక్ (గోల్ ముందు నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్) పెనాల్టీ ఏరియా, అంటే గోల్ ముందు గీసిన పెద్ద పెట్టె, దాటక్కర్లేదనగానే, కీపర్ బంతిని లేపడం, పక్కనున్న డిఫెండర్ తలతో తిరిగివ్వడం మొదలైంది. దాన్నీ ఆపేశారు.

నంబర్5: ఉద్దేశం రిఫరీకి ఎలా తెలుస్తుందండీ? పైగా కీపర్ బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డా ఎవరూ లెక్కపెట్టరు. చేతిలో ఉంచుకుంటే 2025-26 నుంచి ఎనిమిది సెకన్లే, దాటితే అవతలి జట్టుకు కార్నర్ కిక్. అంటే ఈ ఎత్తుగడతో మిగిలేది ఎనిమిది సెకన్లు. దానికి కార్డా?

పాతవిజిల్: కాళ్ల దగ్గరుంటే స్ట్రైకర్ వచ్చి లాక్కోవచ్చు. చేతిలో ఉంటే మీద పడకూడదు. అసలు తేడా అదే. ఆ నిబంధన రాకముందు, కీపర్ చేతికి బంతి ఇస్తూ కాలం గడిపిన 1990 ప్రపంచకప్ ఐర్లాండ్-ఈజిప్ట్ 0-0 మ్యాచ్ చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు, అంత విసుగు! ఇక ఉద్దేశం అంటారా, బంతి అంతకుముందు ఎక్కడుందో చూడండి. గాల్లో వచ్చినదాన్ని తలతో ఇస్తే ఆట. నేల మీద అదుపులో ఉన్నదాన్ని పనిగట్టుకుని లేపడానికి వేరే కారణం ఏముంటుంది?

ఎడమకాలు: ఒప్పుకుంటా. కానీ చివరి నిమిషంలో కార్డు తీయడానికి గుండె ధైర్యం కావాలి.

నంబర్5: సరే, మరి త్రో-ఇన్ (పక్క గీత దాటిన బంతిని చేత్తో లోపలికి విసరడం) సంగతి? నేరుగా కీపర్‌కి విసిరితే చేత్తో పట్టకూడదు కాబట్టి డిఫెండర్ తలకి విసురుతారు, అతను కీపర్‌కి ఇస్తాడు. అది ఎత్తుగడ కాదా?

పాతవిజిల్: త్రో వచ్చేదే గాల్లో కదా, నేనైతే వదిలేస్తా.

నంబర్5: నేనైతే విజిల్ వేస్తా. వాళ్లు మాట్లాడుకుని చేసేది అదే పని.