సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్: 20 వేలలో ముందు టైర్లా, లైట్లా?

కొత్త_స్టీరింగ్: 2014 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ పెట్రోల్ కొన్నాను. ఇంకో 20 వేలు పెట్టగలను. టైర్ల మీద 2318 అని ఉంది. రాత్రిపూట విజయవాడ హైవే మీద తిరగాలి, లైట్లేమో ఆనడం లేదు. 100/90 బల్బులు (హై బీమ్ 100, లో బీమ్ 90 వాట్లు) వేయించమంటున్నారు. ముందు ఏది?

ఇరుసు: టైర్లు. 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. గాడి ఎంత మిగిలినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. 165/80 ఆర్14 సైజు తీసుకోండి. అదే రిమ్ముకి 185/70 ఆర్14 కూడా పడుతుంది, చుట్టుకొలతలో తేడా 1 శాతం లోపే కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపదు. మైలేజీ మాత్రం కొంచెం తగ్గుతుంది. డబ్బు చాలక రెండే కొంటే కొత్తవి వెనక్కి వేయించండి.

లారీ_హారన్: వెనక్కా? ఇది ముందు చక్రాలతో నడిచే బండి కదా!

ఇరుసు: అయినా వెనక్కే. వానలో ముందువి జారితే యాక్సిలరేటర్ వదిలితే బండి దారికొస్తుంది. వెనకవి జారితే గిర్రున తిరుగుతుంది, కొత్తగా నడిపేవాళ్లు అందుకోలేరు.

ఫ్యూజ్_బాక్స్: కనపడని గుంతకి కొత్త టైరు ఏం చేస్తుందండీ? ముందు లైట్లే. హెడ్‌లైట్ పచ్చబడి ఉంటే 800, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో వరసగా నీళ్లు చల్లుతూ రుద్దండి. తర్వాత పాలిష్, పైన యూవీ క్లియర్ కోటు. ఆ కోటు మానేస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ పచ్చబడుతుంది. ఆపైన రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) కిట్టు పెట్టి 100/90 వేయండి.

ఇరుసు: కంపెనీ బల్బు 60/55. హై బీమ్‌లో రెండూ కలిపి 10 ఆంపియర్లు లాగుతాయి. 100 వాట్లవి వేస్తే 16.7. తీగలో వేడి 2.8 రెట్లవుతుంది. హోల్డరు కరుగుతుంది, స్టీరింగ్ పక్కన ఉండే లైట్ స్విచ్ మాడుతుంది. ఎదురొచ్చే బైకు వాళ్ల కళ్ల సంగతి సరేసరి.

ఫ్యూజ్_బాక్స్: రిలే అన్నాను, మీరు చదవలేదు! రిలే పెడితే కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, స్విచ్‌లోంచి పోయేది రిలేని లాగేంత మాత్రమే. హోల్డర్లు సిరామిక్‌వి వాడాలి.

ఇరుసు: చదివాను. ఆ కిట్టులో తీగ ఎంత మందమో, ఫ్యూజు ఎక్కడ ఉందో కొత్తవాళ్లకి తెలుస్తుందా?

లారీ_హారన్: ఎల్‌ఈడీ వేస్తే గొడవ తీరిపోద్ది కదా.

ఫ్యూజ్_బాక్స్: తీరదు. హెడ్‌లైట్ లోపలి రిఫ్లెక్టర్ మామూలు బల్బులో ఫిలమెంట్ (వెలిగే తీగ) ఉండే చోటుని బట్టి చేసింది. ఎల్‌ఈడీ చిప్పులు అటూ ఇటూ జరిగితే వెలుగు చెట్ల మీదకి పోతుంది.

ఇరుసు: ఈ ఒక్క మాట ఒప్పుకుంటా. మంచి షెడ్డు చూసుకుని బండి వాళ్లకి అప్పగించండి.

ఫ్యూజ్_బాక్స్: షెడ్డా? ఈ ఇంజిన్‌కి ఫిల్టర్‌తో కలిపి ఆయిల్ 3.1 లీటర్లు చాలు. నా బిల్లులో 4 లీటర్లు రాశారు, మిగిలిన డబ్బా చేతికివ్వలేదు. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) చూస్తే పై గుర్తు దాటి ఉంది. అప్పగించమని చెప్పడం మీకు తేలికే.

ఇరుసు: మీ కోపం షెడ్డు మీద. దానికి కొత్త కుర్రాడి చేత బ్యాటరీ తీగలు పట్టిస్తారా?

ఫ్యూజ్_బాక్స్: పట్టిస్తాను. అసలు మీ గొడవ బల్బుతో కాదు, కొత్తవాళ్లు బానెట్ ఎత్తకూడదన్నదే మీ వాదన!

ఇరుసు: ఎత్తనివ్వండి. కూలెంట్ చూసుకోనివ్వండి, ఇంజిన్ చల్లారాకే మూత తీస్తే చాలు. బోరు నీళ్లు పొయ్యకూడదు, రేడియేటర్‌లో సున్నం పేరుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చుకోనివ్వండి. కానీ బ్రేకు, వైరింగ్ ముట్టుకోకూడదు. ఫ్యూజు లేని తీగ బాడీకి రాసుకుంటే బ్యాటరీ కరెంటంతా అందులోంచే పోతుంది, బండి తగలబడుతుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, రిలే దగ్గర కాదు. మీరు ఇంతసేపూ ఆ సంగతి చెప్పనేలేదు.

ఫ్యూజ్_బాక్స్: సరే, చెప్పాల్సింది. ఏమీ కొనకముందు మల్టీమీటర్ పెట్టు తమ్ముడూ. ఇంజిన్, లో బీమ్ ఆన్‌లో ఉంచి బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు పిన్నుల దగ్గర ఒకసారి చూడు. వోల్టేజీ 10 శాతం పడిపోతే వెలుగు 30 శాతం దాకా పోతుంది.

కొత్త_స్టీరింగ్: బ్యాటరీ దగ్గర 13.9, బల్బు దగ్గర 12.1 చూపిస్తోంది.

ఫ్యూజ్_బాక్స్: లైట్ల ఎర్త్ తీగ బాడీకి బిగించిన బోల్టు చూడు. ఆ బోల్టుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య ఎన్ని వోల్టులు?

కొత్త_స్టీరింగ్: 0.9. బోల్టు చుట్టూ తుప్పు.

ఇరుసు: 0.2 దాటకూడదు. ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యండి. బోల్టు విప్పి, తీగ చివరి రింగునీ బాడీనీ మెరిసేదాకా గీకి బిగించండి, పైన వాజలైన్ రాయండి. మళ్లీ కొలవండి. 60/55 బల్బులే ఉంచండి, ఆ 20 వేలు టైర్లకి.

ఫ్యూజ్_బాక్స్: ఇప్పుడు వైరింగ్ ముట్టుకోమన్నది ఎవరండీ?

ఇరుసు: అది బోల్టు.