అప్‌డేట్: అమ్మానాన్నలతో చెన్నైలో రెండు రోజులు

విజయవాడ నుంచి అమ్మానాన్నల్ని చెన్నై తీసుకెళ్తున్నాను, గది సెంట్రల్ దగ్గర తీసుకోవాలా, టీ నగర్‌లోనా అని పోయిన నెల అడిగాను కదా. ఎక్కువమంది టీ నగర్ అన్నారు, అదే చేశాం.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి సెంట్రల్‌లో దిగాం. ఎదురుగా పార్క్ స్టేషన్లో లోకల్ ఎక్కితే టీ నగర్ పక్కనున్న మాంబళం స్టేషన్‌కి చవకే. కానీ అమ్మ మోకాళ్లకు మెట్లంటే టెన్షన్. అందుకే లిఫ్టులో కిందికి దిగి మెట్రో, బ్లూ లైన్‌లో నందనం దాకా. అక్కడి నుంచి ఆటో. మొదటి ఆటో అతను చెప్పిన రేటు వినగానే నాన్న ఎక్కినవారు ఎక్కినట్టే దిగిపోయారు!

లాడ్జి మాత్రం దెబ్బేసింది. ఫొటోల్లో లిఫ్టు ఉంది, వెళ్తే అది పనిచేయట్లేదు, మాకేమో మూడో అంతస్తు. గంటసేపు వాదిస్తే కింద గది ఇచ్చారు. ఒక ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది, నాదే బద్ధకం.

వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ గుడి దగ్గరే. మైలాపూర్ కపాలీశ్వరాలయానికి రెండోరోజు పొద్దున్నే వెళ్లాం. మెరీనా ఎండలో వద్దన్నారు, విన్నాం, సాయంత్రమే వెళ్లాం. తిరుగు బస్సు మాధవరం బస్టాండులో ఎక్కాం. టీ నగర్ నుంచి అది బాగా దూరం, ముందుగా బయల్దేరండి.