18 వేల రోడ్ సైకిల్‌కూ 36 వేల దానికీ తేడా ఎక్కడుంది?

ప్రశ్న (నయీంనగర్, హనుమకొండ):
అన్నలకు, అక్కలకు నమస్తే. నా బరువు 82 కిలోలు. ఇన్నాళ్లూ మా తమ్ముడి మామూలు సైకిల్ మీద పొద్దున్నే ధర్మసాగర్ దాకా పోయి వస్తున్నాను. ఇప్పుడు రోడ్ సైకిల్ కొందామని షాపుకు పోతే రెండు చూపించారు. ఒకటి 18 వేలు, 21 గేర్లు. ఇంకోటి 36 వేలు, 16 గేర్లే. గేర్లు తక్కువున్నదానికి రెట్టింపు ధర ఎందుకని అడిగితే "అది మంచి మాల్ సార్" అన్నాడు, అంతే. 18 వేలది తీసుకుంటే ఇంకో 9 వేలకు డీప్ రిమ్ (లోతైన, వెడల్పు అంచున్న) చక్రాలు వేసిస్తాడట. చూడ్డానికి మస్తుగా ఉన్నాయి. మొత్తం 27 వేలు. బేరం మంచిదేనా?

జవాబు (కాజీపేట):
తమ్మీ, ముందు గేర్లు లెక్కపెట్టడం ఆపు. 21 అంటే ముందు 3, వెనక 7. వాటిలో చాలా గేర్లు ఒకదాన్నొకటి పోలినవే. నువ్వు తిరిగే దారిలో ఎత్తు ఎక్కేదంటే ఫాతిమానగర్ బ్రిడ్జి లాంటిదే కదా, దానికి 21 ఏం చేసుకుంటావ్?

చూడాల్సింది వెనక చక్రం నడిమధ్య, అంటే హబ్. వెనక 7 గేర్లున్న చవక సైకిళ్లకు ఎక్కువగా ఫ్రీవీల్ ఉంటుంది. పళ్ల చక్రాలు, టిక్ టిక్‌మనే భాగం కలిపి ఒకే ముద్దగా హబ్ మరకు బిగిస్తారు. దాంతో కుడివైపు బేరింగ్ లోపలికి పోతుంది, యాక్సిల్ (ఇరుసు) చివర ఆధారం లేకుండా మిగిలిపోతుంది. నీ బరువు, మన గుంతలు కలిస్తే అది మెల్లగా వంగుతుంది, ఒకరోజు విరుగుతుంది. కాసెట్ అంటే పళ్ల చక్రాల గుత్తి మాత్రమే, టిక్ టిక్ భాగం హబ్‌లోనే ఉంటుంది. అలాంటి హబ్‌లో బేరింగ్ ఫ్రేమ్ దగ్గరికి జరుగుతుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

నాకైంది కాబట్టే చెప్తున్నా. రామప్ప నుంచి వస్తుంటే ములుగు దాటాక వెనక చక్రం బ్రేకుకు రాసుకోవడం మొదలుపెట్టింది. స్పోకు పోయిందనుకుని దిగి చూస్తే, యాక్సిల్ రెండు ముక్కలు! లోపలున్న సన్నటి క్విక్ రిలీజ్ కడ్డీ (చక్రాన్ని ఫ్రేముకు బిగించేది) పట్టుకుని ఉండబట్టి పడిపోలేదు. ట్రాలీ ఆటోలో ఇంటికి చేరాను. కొత్త చక్రానికి 3,500 అయింది.

షాపులో గుర్తుపట్టడం తేలికే. వెనక పళ్ల చక్రాలను చేత్తో వెనక్కి తిప్పు. మధ్యలో పానా పెట్టే రింగు వాటితోపాటే తిరిగితే కాసెట్, అది కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. ఇంకో లాభం, షిమానో రోడ్ హబ్‌లలో 8, 9, 10 గేర్ల కాసెట్లు ఒకే హబ్ మీద కూర్చుంటాయి. రేపు గేర్లు పెంచాలన్నా చక్రం మార్చక్కర్లేదు.

జవాబు (హంటర్ రోడ్):
అన్నా, నువ్వు చెప్పింది నిజమే గానీ రోజూ 20 కిలోమీటర్లు తొక్కేవాళ్లకు 18 వేలది పనికిరాదని నేననను. నాది అలాంటిదే, మూడేళ్లయింది. కాకపోతే నేను 54 కిలోలు!

తమ్ముడూ, ఏది తీసుకున్నా ఆ డీప్ రిమ్ మాత్రం వద్దు. ఆ ధరలో వచ్చే లోతు రిమ్ములు బరువెక్కువ, పక్కగాలికి హ్యాండిల్ లాగుతుంది. స్పోకులు ఎన్నున్నాయో లెక్కపెట్టు. 20, 24 ఉంటే ఒక్కటి తెగినా చక్రం బాగా వంకర పోతుంది. 32 ఉన్నదైతే ఒకటి తెగినా బ్రేకు వదులు చేసుకుని ఇంటికి రావచ్చు, స్పోకు కూడా మామూలు షాపులోనే దొరుకుతుంది.

చక్రం ఎత్తి తిప్పి చూడు. రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మధ్య సందు ఒకేలా ఉండాలి. ఒకే పక్క స్పోకులను గోరుతో మీటితే దాదాపు ఒకే మోత రావాలి. వెనక కుడివైపువి ఎడమవాటికంటే బిగువుగా ఉంటాయి, దానికి కంగారు పడకు. చక్రం విప్పి యాక్సిల్‌ను వేళ్లతో తిప్పినప్పుడు ఇసుక తగిలినట్టు గరగర అంటే, హబ్ విప్పి గ్రీజు పెట్టి ఇవ్వమను. రిమ్ములో గాలి పెట్టే రంధ్రంలోకి చూస్తే రెండు పొరలు కనిపించాలి. ఒక్క పొరదైతే వదిలెయ్.

ఇవన్నీ చూసి సైజు చూడకపోతే దండగ. చిన్న మనిషికి పెద్ద ఫ్రేమ్ అంటగట్టడం షాపుల్లో మామూలే.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, ఈ రోజు పోయి చూశాను. డీప్ రిమ్ముకు సరిగ్గా 20 స్పోకులు! 36 వేలదానికి కాసెట్టే ఉంది, వెనక 32 స్పోకులు, రెండు పొరల రిమ్ము. కానీ ఫ్రేమ్ సైజు 56 సెంటీమీటర్లు, నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. తొక్కి చూస్తే హ్యాండిల్ అందుకోవడానికి సాగిలపడ్డట్టుంది. 52 తెప్పిస్తానన్నాడు, వారం పడుతుందట. 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లకు బదులు 28వి వేయమన్నా, తేడా డబ్బులు నేనిస్తా. అడ్వాన్స్ 2 వేలు కట్టొచ్చాను.

జవాబు (కాజీపేట):
28 పడుతుందో లేదో ఫ్రేమ్ దగ్గర, బ్రేకు కింద సందు చూశాకే టైర్లకు డబ్బులియ్యి. సైకిల్ వచ్చి ఓ 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాలు మళ్లీ అదే షాపులో ఇచ్చి బెండు తీయించు. కొత్త స్పోకులు కుదురుకునేటప్పుడు కొంచెం వదులవుతాయి. అది ఉచితంగా చేసిస్తానని బిల్లు మీద రాయించుకో.