ఆ సరళరేఖ నిజమా, లెక్క చేసిన మాయా?

పిప్పెట్_25:
ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒక ప్రోటీన్‌కు ఎనిమిది చిన్న అణువులు ఎంత గట్టిగా అతుక్కుంటాయో 15 నుంచి 35 డిగ్రీల మధ్య కొలిచాను. వాంట్ హాఫ్ గ్రాఫు (అతుక్కునే స్థిరాంకపు లాగరిథమ్‌ని 1/టితో, అంటే ఉష్ణోగ్రత విలోమంతో గీసేది) నుంచి వచ్చిన డెల్టా హెచ్ (వేడి మార్పు), డెల్టా ఎస్ (ఎంట్రోపీ, అంటే అణువుల స్వేచ్ఛలో మార్పు) విలువలతో ఇంకో గ్రాఫు గీస్తే చుక్కలన్నీ ఒకే గీత మీద పడ్డాయి. వాలు 297 కెల్విన్. గైడు గారు పేపర్ రాసేద్దామంటున్నారు. ల్యాబ్‌లో సీనియర్ నవ్వి ఊరుకున్నాడు. ఎవరిది కరెక్ట్?

బ్యూరెట్_బాబాయ్:
సీనియర్‌దే. మీ ఉష్ణోగ్రతల సగటు 298 కెల్విన్, వాలు 297. అనుమానం రాలేదా? వాంట్ హాఫ్ గ్రాఫులో వాలు డెల్టా హెచ్ ఇస్తుంది, అంతరఖండం డెల్టా ఎస్ ఇస్తుంది. మీ చుక్కలేమో ఒక మూల ఇరుక్కుని ఉన్నాయి, అంతరఖండం ఎక్కడో దూరాన, 1/టి సున్నా అయ్యే చోట ఉంది. వాలు పిసరంత తప్పితే అంతరఖండమూ పక్కకు జరిగిపోతుంది. డెల్టా హెచ్‌లో 1 కిలోజౌల్ పొరపాటుకు డెల్టా ఎస్‌లో కెల్విన్‌కు దాదాపు 3.4 జౌళ్లు, ఎప్పుడూ ఒకే దిశలో. క్రగ్, హంటర్, గ్రీగర్ అనే పరిశోధకులు 1976లోనే ఈ సంగతి చెప్పారు. డెల్టా హెచ్‌ని డెల్టా జితో (ఎంత గట్టిగా అతుక్కుందో చెప్పే శక్తి మార్పు) గీసి చూడండి, అక్కడ పొరపాట్లు ఇలా ముడిపడవు.

సున్నపుబట్టీ:
ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టకండి బాబాయ్. సున్నపురాయి కాల్చడమే చూడండి. బంధాలు తెంచడానికి మోల్‌కు 178 కిలోజౌళ్లు కావాలి, బయటికొచ్చే వాయువు వల్ల ఎంట్రోపీ కెల్విన్‌కు 160 జౌళ్లు పెరుగుతుంది. పట్టు బిగిస్తే స్వేచ్ఛ పోతుంది, వదిలితే వస్తుంది. ఇది గ్రాఫు మాయ కాదు. క్యాలరీమీటర్‌తో డెల్టా హెచ్‌ని నేరుగా కొలిచినా ఇదే ధోరణి కనిపిస్తుందిగా?

బ్యూరెట్_బాబాయ్:
ఒకే వైపు కదులుతాయంటే ఒప్పుకుంటా, సరళరేఖ అంటేనే పేచీ. క్యాలరీమీటర్‌లోనూ డెల్టా ఎస్‌ని ఎవరూ కొలవరు. డెల్టా హెచ్ నుంచి డెల్టా జి తీసేసి ఉష్ణోగ్రతతో భాగిస్తారు. అతుక్కునే బలం మిల్లీమోలార్ నుంచి నానోమోలార్ దాకా, అంటే పది లక్షల రెట్ల తేడాకు డెల్టా జి మారేది 34 కిలోజౌళ్లే. డెల్టా హెచ్ 100 కిలోజౌళ్ల మేర పరుచుకుంటే రేఖ రాక ఏం చేస్తుంది?

సున్నపుబట్టీ:
ఆ 34 లోపలే ఎందుకుండిపోతున్నాయి మరి? మనం కొలవగలిగినవే కొలుస్తున్నామా, నీటి అణువులు సర్దుకుంటున్నాయా? అది తేలకుండా మాయ అనేస్తే ఎలా?

పిప్పెట్_25:
డెల్టా జితో గీశాను. ఐదు చుక్కలు చెల్లాచెదురు. మూడు మాత్రం వరసలో ఉన్నాయి, ఆ మూడింటి గొలుసులో కార్బన్లు ఒక్కొక్కటిగా పెరుగుతాయి. కానీ వాటి పొరపాటు హద్దులు చుక్కల మధ్య దూరం కంటే పెద్దవి. గైడు గారికి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది. ప్రోటీన్ తట్టుకుంటే 5 నుంచి 45 దాకా మళ్లీ కొలుస్తా.

బ్యూరెట్_బాబాయ్:
అంత వెడల్పులో వాంట్ హాఫ్ గీత వంగొచ్చు. ఉష్ణధారిత మార్పునూ (ఉష్ణోగ్రతతో డెల్టా హెచ్ ఎంత మారుతుందో అది) లెక్కలోకి తీసుకోండి.